విదేశీ ప్రయాణంలో ఆరోగ్యం: మందుల సంచి కంటే ముందు చూసుకోవలసినవి

ప్రశ్న: ఇంకో ఏడు వారాల్లో నేను, మావారు, నాలుగేళ్ల మా బాబు, అరవై ఆరేళ్ల మా అత్తగారు మూడు వారాల విదేశీ యాత్రకు బయలుదేరుతున్నాము. మొదటి దేశంలో వేడి, వానలు ఎక్కువ. అక్కడ మలేరియా కూడా ఉందని విన్నాము. రెండో దేశంలో ఎత్తైన కొండల మధ్య ఉన్న ఊళ్లో అయిదు రోజులు ఉంటాము. మా అత్తగారికి మధుమేహం ఉంది, ఇన్సులిన్ వాడతారు. కడుపులో మంటకు రోజూ ఒక మాత్ర వేసుకుంటారు. కిందటిసారి విదేశానికి వెళ్లినప్పుడు మావారు విరేచనాలతో సెలవుల్లో సగం రోజులు మంచం మీదే గడిపారు. అందుకని ఈసారి బయలుదేరిన రోజు నుంచే అందరూ యాంటీబయాటిక్ వేసుకోవాలని తెలిసినవారు సలహా ఇస్తున్నారు. అది మంచిదేనా? ఏ టీకాలు వేయించుకోవాలి, ఏ మందులు వెంట తీసుకెళ్లాలి, తిరిగి వచ్చాక పరీక్షలేమైనా చేయించుకోవాలా? దయచేసి వివరంగా చెప్పండి.
— ఒక పాఠకురాలు

సమాధానం:

అమ్మా, ఏడు వారాల ముందుగా ఈ ప్రశ్న అడిగినందుకు ముందు మిమ్మల్ని మెచ్చుకోవాలి. టికెట్లు, వీసాలు, బస అన్నీ నెలల ముందే చూసుకునేవారు సైతం ఆరోగ్యం సంగతి మాత్రం పెట్టెలు సర్దే రోజు వరకు తలచుకోరు. అప్పటికి నాలుగు రకాల మాత్రలు కొనుక్కోవడం తప్ప చేయగలిగింది పెద్దగా మిగలదు. మీ ఉత్తరంలో ఎక్కువ భాగం మందుల గురించే ఉంది. నా అనుభవంలో మాత్రం ప్రయాణికులను ఎక్కువగా కాపాడేవి మూడు: సమయానికి వేయించుకున్న టీకాలు, అక్కడ ఉన్నన్నాళ్లూ తినేదాని మీద, తాగేదాని మీద, దోమల మీద పెట్టే శ్రద్ధ, తిరిగి వచ్చాక జ్వరం వస్తే దాన్ని తేలికగా తీసుకోకపోవడం. మందుల సంచి వీటి తర్వాతిది. అందుకే మీరు అడిగిన వరుసలో కాకుండా, మీరు చేయవలసిన పనుల వరుసలో సమాధానం చెబుతాను.

ఈ వారంలోనే నలుగురూ కలిసి ప్రయాణ సంబంధమైన టీకాలు, జాగ్రత్తలు తెలిసిన వైద్యుణ్ణి కలవండి. ప్రయాణానికి 4 నుంచి 6 వారాల ముందే వెళ్లాలని చెప్పడానికి కారణం ఉంది. టీకా వేసిన మరునాడే రక్షణ రాదు. కొన్నిటికి రెండు మూడు మోతాదులు కావాలి. కొన్నిటి మధ్య ఎడం పాటించాలి. ఉదాహరణకు తట్టు టీకా, ఎల్లో ఫీవర్ టీకా రెండూ బలహీనపరచిన సజీవ వైరస్‌తో తయారైనవి కాబట్టి వాటిని ఒకే రోజు వేయించుకోవాలి, లేదా మధ్యలో 4 వారాలు ఆగాలి. ఆ లెక్కలు వైద్యుడు వేయాలంటే మీ దగ్గర పూర్తి వివరాలు ఉండాలి: వెళ్లే ప్రతి ఊరి పేరు, తేదీలు, విమానం మారే దేశం, పల్లెల్లోనో అడవుల దగ్గరో బస ఉందా లేదా అన్నది, పాత టీకాల కార్డులు, అత్తగారి మందుల చీటీలు. ఒకే దేశంలో ఒక ఊళ్లో మలేరియా ఉండి, మరో ఊళ్లో లేకపోవచ్చు. దేశం పేరు ఒక్కటే చెబితే సరైన సలహా దొరకదు.

టీకాల విషయంలో అందరూ కొత్త పేర్ల గురించి అడుగుతారు కానీ, ముందు పాతవి పూర్తయ్యాయో లేదో చూసుకోవాలి. తట్టు ఇప్పటికీ చాలా దేశాల్లో వ్యాపిస్తూనే ఉంది, విమానాశ్రయాల వంటి రద్దీ చోట్ల గాలి ద్వారా అతి సులభంగా అంటుకుంటుంది. బాబుకు రెండు మోతాదులూ పడ్డాయా, మీకు చిన్నప్పుడు పడ్డాయా అన్నది మొదటి ప్రశ్న. ధనుర్వాతం, కంఠసర్పి (డిఫ్తీరియా) టీకా పెద్దలకు 10 ఏళ్లకొకసారి మళ్లీ అవసరం. ఫ్లూ టీకాను ప్రయాణికులు తరచుగా మరచిపోతారు. దక్షిణార్ధగోళంలో ఫ్లూ కాలం ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు ఉంటుంది, ఉష్ణమండల దేశాల్లో ఏడాదిలో ఎప్పుడైనా రావచ్చు కాబట్టి మన దగ్గర ఆ కాలం కాదన్న లెక్క పనికిరాదు. మధుమేహం ఉన్న మీ అత్తగారికి ఫ్లూ టీకా తప్పనిసరి అనే చెబుతాను.

ఆహారం, నీటి ద్వారా వచ్చే వాటిలో టీకా ఉన్నవి ప్రధానంగా హెపటైటిస్-ఎ, టైఫాయిడ్. పరిశుభ్రమైన నీరు అంతటా దొరకని దేశాలకు వెళ్లేవారికి ఈ రెండూ సాధారణంగా సూచిస్తారు. ఎల్లో ఫీవర్ సంగతి వేరు. అది ఆఫ్రికా, దక్షిణ అమెరికాల్లోని కొన్ని ప్రాంతాల్లో ఉన్న వ్యాధి, దాని టీకా ధ్రువపత్రం లేకపోతే కొన్ని దేశాలు సరిహద్దు దగ్గరే ఆపేస్తాయి. ఆ వ్యాధి ఉన్న దేశంలో విమానం మారినా పత్రం అడిగే దేశాలున్నాయి. టీకా వేసిన 10 రోజుల తర్వాతే ఆ పత్రం చెల్లుబాటు అవుతుంది. 2016 జూలై 11 నుంచి అది జీవితాంతం చెల్లుతుంది, అంతకుముందు 10 ఏళ్లే చెల్లేది. మీ ప్రయాణంలో ఇది అవసరమైతే మీ అత్తగారి విషయం వైద్యునితో విడిగా మాట్లాడండి. అరవై ఏళ్లు దాటాక ఈ టీకాను మొదటిసారి వేయించుకునేవారిలో, అరుదుగానే అయినా, తీవ్రమైన దుష్ఫలితాలు ఎక్కువగా కనిపిస్తాయి. వ్యాధి ప్రమాదాన్నీ టీకా ప్రమాదాన్నీ తూచి నిర్ణయించాలి, వద్దనుకుంటే వైద్యుడు మినహాయింపు పత్రం ఇవ్వగలరు. అయితే కొన్ని దేశాలు దాన్ని అంగీకరించకపోవచ్చు కాబట్టి ఆ దేశపు రాయబార కార్యాలయాన్ని ముందే అడిగి తెలుసుకోవాలి.

ఇక మీరు అడిగిన యాంటీబయాటిక్ సంగతి. బయలుదేరిన రోజు నుంచే ముందు జాగ్రత్తగా వేసుకోకండి. ప్రయాణికులకు వచ్చే విరేచనాలకు ఎక్కువగా కారణమయ్యేది ఇ. కొలై జాతిలోని ఒక రకం బాక్టీరియా. అయితే నోరోవైరస్ వంటి వైరస్‌లు, జియార్డియా వంటి పరాన్నజీవులు కూడా కారణం కావచ్చు, వాటి మీద ముందుగా వేసుకునే ఆ మాత్రలు పనిచేయవు. పైగా పేగుల్లో మనకు మేలు చేసే బాక్టీరియా నశించి, మందులకు లొంగని బాక్టీరియాకు చోటు దొరుకుతుంది. ప్రయాణంలో యాంటీబయాటిక్ వాడినవారు అలాంటి మొండి బాక్టీరియాను కడుపులో మోసుకుని తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ. అది ఇంట్లో మిగతావారికీ చేరవచ్చు, రేపు నిజంగా మందు అవసరమైన రోజున ఆ మందు పనిచేయకపోవచ్చు. మూడు నుంచి అయిదు రోజుల్లో తనంతట తాను తగ్గే జబ్బుకు ఇంత మూల్యం చెల్లించనక్కరలేదు. తీవ్రమైన పరిస్థితి కోసం ఒక చిన్న కోర్సును, సాధారణంగా అజిత్రోమైసిన్‌ను, ఎవరు ఎప్పుడు ఎంత వేసుకోవాలో రాయించుకుని వెంట ఉంచుకోవడం వేరే విషయం. జ్వరం, మలంలో రక్తం, లేదా మంచం దిగలేనంత విరేచనాలు ఉన్నప్పుడే దాని అవసరం.

కాబట్టి రక్షణ చేతుల్లోనూ పళ్లెంలోనూ ఉంది. పొగలు కక్కేంత వేడిగా అప్పుడే పొయ్యి మీద నుంచి దించిన పదార్థం, అది ఎంత చిన్న దుకాణంలో వండినదైనా, పెద్ద హోటల్లో ట్రేలలో గంటల తరబడి గోరువెచ్చగా పడి ఉన్న దానికంటే క్షేమం. ఈ మాట చాలామందికి ఆశ్చర్యంగా అనిపిస్తుంది కానీ, బాక్టీరియాకు కావలసింది 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య వేడి, కొంత సమయం. బఫే బల్ల మీద సన్నని మంట పైన పెట్టిన పాత్ర ఆ రెండిటినీ సమకూరుస్తుంది. పచ్చి ఆకుకూరల ముక్కలు, ముందే కోసి పెట్టిన పండ్లు, కాచని పాలు, సగం ఉడికిన మాంసం, పచ్చి చేపలు ఈ మూడు వారాలు వదిలేయండి. పండు తినాలనిపిస్తే మీ చేతులు కడుక్కుని, తొక్క మీరే ఒలుచుకుని తినండి. కొన్ని ఉష్ణమండల సముద్రాల్లో, పగడపు దిబ్బల దగ్గర దొరికే బరాకుడా వంటి పెద్ద చేపల్లో సిగ్వాటెరా అనే విషం ఉండవచ్చు, అది ఎంత వండినా పోదు. కాబట్టి అటువంటి చోట్ల ఆ చేపలు తినకపోవడమే మేలు.

నీటి విషయంలో జనం సీసా దగ్గర జాగ్రత్తగా ఉండి, ఐసు దగ్గర మరచిపోతారు. గడ్డకట్టినంత మాత్రాన నీటిలోని క్రిములు చావవు. కుళాయి నీటితో చేసిన ఐసు ముక్క ఎంత మంచి పానీయంలో వేసినా కుళాయి నీరే. సీసా మూత మీ ఎదుటే తెరవాలి, సీలు ఊడి ఉంటే తిప్పి పంపండి. పళ్లు తోముకోవడానికి కూడా అదే నీరు వాడండి. బాబు స్నానం చేసేటప్పుడు నీళ్లు మింగకుండా చూడండి. సీసా నీరు దొరకని చోట కాచుకోవడమే అన్నిటికంటే నమ్మదగిన పద్ధతి. నీరు కుతకుత మరిగిన తర్వాత 1 నిమిషం ఉంచితే చాలు. 2,000 మీటర్ల కంటే ఎత్తులో మాత్రం 3 నిమిషాలు ఉంచాలి, ఎందుకంటే అక్కడ గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి నీరు తక్కువ వేడికే మరుగుతుంది. మీరు వెళ్లే కొండ ఊరు 3,400 మీటర్ల ఎత్తులో ఉంటే, అక్కడ నీరు 90 డిగ్రీలు చేరకముందే మరిగిపోతుంది. క్లోరిన్ బిళ్లలు చాలా క్రిములను చంపుతాయి కానీ క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవిని చంపలేవు.

భోజనానికి ముందు, మరుగుదొడ్డికి వెళ్లి వచ్చాక సబ్బుతో 20 సెకన్లు చేతులు కడుక్కోవాలి. నీరు లేని చోట 60 శాతానికి తగ్గని ఆల్కహాల్ ఉన్న శానిటైజర్ పనికివస్తుంది. అయితే నోరోవైరస్ మీద అది అంతగా పనిచేయదు కాబట్టి సబ్బు, నీరు కనిపించిన చోటల్లా వాటినే వాడండి. మీ అత్తగారి కడుపుమంట మాత్ర గురించి ఒక మాట. కడుపులోని ఆమ్లం మనం మింగే క్రిముల్లో చాలావాటిని చంపుతుంది. ఆ ఆమ్లాన్ని తగ్గించే ఒమెప్రజోల్, పాంటొప్రజోల్ వంటి మందులు రోజూ వేసుకునేవారికి పేగుల ఇన్‌ఫెక్షన్లు వచ్చే అవకాశం పెరుగుతుంది. ఆ మాత్ర ఆమెకు ఇప్పటికీ నిజంగా అవసరమా, కొన్నాళ్లు ఆపవచ్చా అని వైద్యుణ్ణి అడగండి. తప్పదంటే, పైన చెప్పిన జాగ్రత్తలు ఆమె విషయంలో మరింత గట్టిగా పాటించాలి.

ఇంత చేసినా విరేచనాలు పట్టుకోవచ్చు. అప్పుడు మొదట చేతిలోకి రావలసింది ఓఆర్ఎస్ ప్యాకెట్. ఎంత విరేచనం అవుతున్నా, పేగు గోడలోని ఒక మార్గం గ్లూకోజునూ సోడియంనూ కలిపి లోపలికి లాక్కుంటూనే ఉంటుంది, వాటి వెంట నీరూ వెళుతుంది. అందుకే వట్టి నీటికంటే ఇది ఎక్కువగా ఒంటికి పడుతుంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ శరణార్థుల శిబిరంలో కలరా విజృంభించి, నరానికి ఎక్కించే సెలైన్ అయిపోయినప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ద్రావణాన్ని రోగుల బంధువుల చేతనే తాగించి ఎన్నో ప్రాణాలు నిలబెట్టారు. ఇంత చౌకైన, ఇంత శక్తిమంతమైన మందు ప్రయాణికుల సంచిలో చివరి స్థానంలో ఉండడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది. ప్యాకెట్ మీద ఎంత నీరు రాసి ఉంటే సరిగ్గా అంతే కలపాలి. తక్కువ నీటిలో కలిపితే ఉప్పు ఎక్కువై పిల్లలకు హాని చేస్తుంది. ప్యాకెట్ దొరకకపోతే 1 లీటరు శుభ్రమైన నీటిలో తలకొట్టిన 6 చిన్న చెంచాల పంచదార, తలకొట్టిన అర చిన్న చెంచా ఉప్పు కలపండి. బాబుకు ప్రతి విరేచనం తర్వాత 100 నుంచి 200 మిల్లీలీటర్లు చెంచాతో కొద్దికొద్దిగా పట్టండి. వాంతి చేసుకుంటే 10 నిమిషాలు ఆగి, ఇంకా నెమ్మదిగా మళ్లీ మొదలుపెట్టండి. అయిదేళ్ల లోపు పిల్లలకు విరేచనాలప్పుడు ఇచ్చే జింకు మందు గురించి వైద్యుణ్ణి ముందే అడిగి రాయించుకోండి.

విరేచనాలను ఆపే లోపెరమైడ్ మాత్ర పెద్దలకు బస్సు ప్రయాణం వంటి ఇబ్బందికరమైన గంటల్లో పనికివస్తుంది. జ్వరం కానీ మలంలో రక్తం కానీ ఉంటే దాన్ని వేసుకోకూడదు. బాబుకు అసలు ఇవ్వకూడదు. పిల్లవాడు మందకొడిగా పడి ఉండడం, ఏడ్చినా కన్నీళ్లు రాకపోవడం, చాలాసేపు మూత్రం పోయకపోవడం, ఎవరికైనా రక్త విరేచనాలు, ఆగని వాంతులు, తీవ్రమైన జ్వరం కనిపిస్తే గదిలో ఎదురుచూడకుండా ఆస్పత్రికి వెళ్లండి. అత్తగారికి విరేచనాలు పట్టుకుంటే తిండి తినడం లేదన్న కారణంతో ఇన్సులిన్ పూర్తిగా మానేయడం ప్రమాదకరం. మెట్‌ఫార్మిన్ వంటి కొన్ని మధుమేహం మాత్రలను మాత్రం ఒంట్లో నీరు తగ్గినప్పుడు తాత్కాలికంగా ఆపవలసి రావచ్చు. జబ్బు చేసిన రోజున ఏది ఎంత వేసుకోవాలో, ఏది ఆపాలో ఆమె వైద్యుని చేత ఇప్పుడే ఒక కాగితం మీద రాయించండి. ఓఆర్ఎస్‌లో గ్లూకోజు ఉందని భయపడి మానవద్దు. తరచుగా రక్తంలో చక్కెర చూసుకుంటూ ఆమె కూడా తాగవచ్చు.

దోమల విషయంలో నేను ఇంకా గట్టిగా మాట్లాడతాను, ఎందుకంటే విరేచనాలు సెలవులను పాడుచేస్తాయి కానీ ఫాల్సిపేరం అనే రకం మలేరియా కొద్ది రోజుల్లో ప్రాణం తీయగలదు. మలేరియా మోసే అనాఫిలిస్ దోమ సాయంసంధ్య నుంచి తెల్లవారే వరకు కుడుతుంది. డెంగీ, చికున్‌గున్యా, జికా మోసే ఏడిస్ దోమ పగటిపూట కుడుతుంది. అంటే రాత్రి దోమతెర ఒక్కటే చాలదు. దోమలను దూరంగా ఉంచే లేపనం కొనుక్కోండి: 20 నుంచి 50 శాతం డీట్ ఉన్నది, లేదా 20 శాతం పికారిడిన్ ఉన్నది. ముందు ఎండకు రాసుకునే సన్‌స్క్రీన్ రాసి, అది ఆరాక దీన్ని రాయాలి. బట్టల కింద కప్పి ఉన్న చర్మానికి రాయనక్కరలేదు. బాబుకు మీ అరచేతిలో వేసుకుని రాయండి: చెవుల వెనుక, మెడ, మోచేతులు, చీలమండలు, పాదాల పైభాగం, ఇవి అందరూ వదిలేసే చోట్లు. వాడి అరచేతులకు, వేళ్లకు మాత్రం రాయకండి, వాటిని నోట్లో, కళ్లలో పెట్టుకుంటాడు. చెమట పట్టినా, ఈత కొట్టినా మళ్లీ రాయాలి. పెర్మెత్రిన్ అనే దోమల మందు పూసిన దోమతెర మామూలు తెరకంటే ఎంతో మేలు, దాని అంచులు పరుపు కిందకు దోపాలి.

మీరు వెళ్లే ఊళ్లలో మలేరియా నిజంగా ఉందని వైద్యుడు తేలిస్తే, నివారణ మాత్రలు వాడాలి. అటొవాక్వోన్-ప్రోగ్వానిల్ అన్నది వెళ్లడానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, అక్కడ ఉన్నన్నాళ్లూ రోజూ వేసుకుని, ఆ ప్రాంతం విడిచాక 7 రోజులు కొనసాగించాలి. డాక్సీసైక్లిన్ కూడా రోజూ వేసుకునేదే కానీ, వదిలి వచ్చాక 4 వారాలు కొనసాగించాలి. చిన్నపిల్లలకూ గర్భిణులకూ సాధారణంగా ఇవ్వరు కాబట్టి బాబుకు అది పనికిరాదు. మెఫ్లోక్విన్ వారానికి ఒకసారి వేసుకునేది, కనీసం 2 వారాల ముందు మొదలుపెట్టాలి, మూర్ఛలు, మానసిక ఆందోళన, కుంగుబాటు ఉన్నవారికి ఇవ్వకూడదు. వీటిలో ఏది ఎవరికన్నది వైద్యుడు చెబుతాడు; పిల్లల మోతాదు బరువును బట్టి ఉంటుంది. మాత్రలు అక్కడికి వెళ్లి కొనుక్కుందామని అనుకోకండి. అల్ప, మధ్య ఆదాయ దేశాల్లో అమ్ముడయ్యే వైద్య ఉత్పత్తుల్లో సుమారు పదింట ఒకటి నాసిరకందో నకిలీదో అయి ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో అంచనా వేసింది. మీలో ఎవరైనా గర్భం ధరించే ఆలోచనలో ఉంటే, ప్రయాణం ఖరారు చేసుకునే ముందే జికా, మలేరియా రెండిటి గురించీ వైద్యునితో మాట్లాడాలి.

విమానం గురించి ఎక్కువ భయం అక్కరలేదు, కొన్ని తెలిస్తే చాలు. 4 గంటలు దాటిన ప్రయాణంలో కదలకుండా కూర్చుంటే పిక్కల్లోని సిరల్లో రక్తం గడ్డకట్టే అవకాశం రెండింతలు అవుతుంది. అయినా ఆరోగ్యవంతుల్లో అది అరుదే. నడవా పక్క సీటు తీసుకుని, గంటకోసారి లేచి నడిచి, కూర్చున్నప్పుడు మడమలు ఎత్తుతూ దించుతూ ఉంటే సరిపోతుంది. గతంలో గడ్డకట్టినవారు, ఇటీవల శస్త్రచికిత్స అయినవారు, క్యాన్సర్ ఉన్నవారు, గర్భిణులు, గర్భనిరోధక మాత్రలు వాడేవారు మాత్రం వైద్యుణ్ణి అడిగి ఒత్తిడి సాక్సులు వేసుకోవాలి. దిగిన తర్వాత కొన్ని వారాల వరకు ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టినా, హఠాత్తుగా ఆయాసం వచ్చినా వెంటనే వైద్యం కావాలి. విమానం దిగేటప్పుడు బాబు చేత నీళ్లు గుక్కగుక్కగా తాగిస్తూ ఉండండి, చెవిపోటు రాదు. కాలమండలాలు దాటినందువల్ల వచ్చే నిద్ర గందరగోళం సుమారు మండలానికి ఒక రోజు చొప్పున సర్దుకుంటుంది. తూర్పు దిక్కుగా వెళితే ఎక్కువ కష్టం, ఎందుకంటే శరీరంలోని గడియారం సహజంగా 24 గంటలకంటే కాస్త నెమ్మదిగా నడుస్తుంది, దాన్ని ముందుకు జరపడం కంటే వెనక్కు జరపడం తేలిక.

ఆ కాలమండలాలే మీ అత్తగారి ఇన్సులిన్ లెక్కను మారుస్తాయి. తూర్పుకు వెళితే రోజు కుదించుకుపోతుంది, పడమరకు వెళితే సాగుతుంది. విమాన సమయాలు రాసిన కాగితం తీసుకెళ్లి, ఏ గడియారం ప్రకారం ఎంత మోతాదు వేసుకోవాలో వైద్యుని చేత రాయించండి. ఇన్సులిన్‌ను ఎట్టి పరిస్థితిలోనూ చెక్-ఇన్ సామానులో పెట్టకండి. అక్కడ గడ్డకట్టిపోవచ్చు, పెట్టె తప్పిపోనూవచ్చు, ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. అవసరమైన దానికి రెట్టింపు తీసుకుని, ఇద్దరి చేతిసంచుల్లో పంచి పెట్టుకోండి. ఇంకో ముఖ్య విషయం: ఇన్సులిన్ కొన్ని చోట్ల మిల్లీలీటరుకు 40 యూనిట్ల గాఢతతోనూ, కొన్ని చోట్ల 100 యూనిట్ల గాఢతతోనూ దొరుకుతుంది. 40 గుర్తున్న సిరంజితో 100 గాఢత ఉన్న మందు తీసుకుంటే, 10 యూనిట్లు అనుకున్నది 25 యూనిట్లు అవుతుంది, ప్రాణం మీదికి వస్తుంది. పరాయి దేశంలో ఇన్సులిన్ కొనవలసి వస్తే దానికి తగిన సిరంజి కూడా అక్కడే కొనండి. రక్తంలో చక్కెర కొలత కూడా కొన్ని దేశాల్లో వేరే ప్రమాణంలో చెబుతారు. అక్కడి డాక్టరు 7 అంటే మన లెక్కలో 126, అంటే 18తో గుణించాలి. ఆమె ఎప్పుడూ చెప్పులు లేకుండా నడవకూడదు, వేడి ఇసుక మీద అసలే వద్దు. పాదాల్లో స్పర్శ తగ్గినవారికి కాలినా తెలియదు.

అందరి మందులూ అసలు ప్యాకింగులోనే, మందుల చీటీతో సహా ఉండాలి. చీటీలో బ్రాండు పేరుతో పాటు మందు అసలు పేరు రాయించండి. కోడీన్ ఉన్న దగ్గు మందు, ట్రామడాల్ ఉన్న నొప్పి మాత్ర కొన్ని దేశాల్లో అనుమతి లేకుండా తీసుకెళితే నేరం అవుతుంది. మామూలు జలుబు మాత్రల్లో ఉండే సూడోఎఫెడ్రిన్ 10 శాతం దాటితే జపాన్‌లోకి తీసుకెళ్లనివ్వరు. ఇవి కాక పారసెటమాల్, థర్మామీటరు, ఓఆర్ఎస్, గాయానికి కట్టు సామగ్రి, అలర్జీ మాత్ర ఉంటే చాలు.

కొండ ఊరి సంగతి. 2,500 మీటర్లు దాటాక ఎవరికైనా ఎత్తు జబ్బు రావచ్చు, వయసు, వ్యాయామం అలవాటు దాన్ని ఆపవు. పెరూలోని కుస్కో 3,400, టిబెట్‌లోని లాసా 3,650 మీటర్ల ఎత్తున ఉన్నాయి. అలాంటి చోట నేరుగా విమానంలో దిగితే కొన్ని గంటల్లో తలనొప్పి, వికారం, నిద్రలేమి మొదలవుతాయి. వీలైతే మధ్యలో ఒక తక్కువ ఎత్తు ఊళ్లో ఒకటి రెండు రాత్రులు ఉండేలా యాత్రను మార్చండి, చేరిన మొదటి రెండు రోజులూ శ్రమ పెట్టుకోకండి. ముందు జాగ్రత్తగా వాడే అసెటజొలమైడ్ మీకు అవసరమో కాదో వైద్యుడు నిర్ణయిస్తాడు. తలనొప్పి ఉండగా ఇంకా పైకి వెళ్లకూడదు. నడకలో తూలడం, మాట తడబడడం, కూర్చున్నా ఆయాసం కనిపిస్తే అది రాత్రయినా సరే కిందకు దిగవలసిందే. నాలుగేళ్ల పిల్లవాడు తలనొప్పి అని చెప్పలేడు. కారణం లేకుండా చిరాకు, తిండి మానడం, ఆడుకోకపోవడం కనిపిస్తే ఎత్తు జబ్బు అనే అనుకోండి.

కుక్కలను, కోతులను, పిల్లులను ముట్టుకోవద్దని బాబుకు ఇప్పటి నుంచే నేర్పండి. కరిస్తేనో గీరితేనో మీతో చెబితే తిట్టరని కూడా వాడికి తెలియాలి, ఎందుకంటే పిల్లలు భయపడి దాచిపెడతారు. గాయాన్ని సబ్బు, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. రేబిస్ లక్షణాలు మొదలైతే దాదాపు ఎవరూ బతకరు, మొదలవకముందు సరైన చికిత్స చేస్తే దాదాపు ఎవరూ చనిపోరు. ఆస్పత్రి చాలా దూరంగా ఉండే చోటికి వెళుతుంటే ముందుగానే రేబిస్ టీకా రెండు మోతాదులు వేయించుకోవడం గురించి ఆలోచించవచ్చు. అయితే వేయించుకున్నవారు కూడా కరిచాక మళ్లీ టీకాలు వేయించుకోవాలి.

అంటువ్యాధుల గురించి ఇంత రాసినా, ఆరోగ్యంగా బయలుదేరిన ప్రయాణికుల ప్రాణాలు తీసేవాటిలో రోడ్డు ప్రమాదాలది ముందు వరుస. సీటు బెల్టు లేని కారు ఎక్కకండి, బాబుకు పిల్లల సీటు ముందే అడగండి, తెలియని కొండదారుల్లో రాత్రి ప్రయాణం పెట్టుకోకండి, వాహనాలు మనకు అలవాటు లేని వైపు నుంచి వచ్చే దేశంలో రోడ్డు దాటేటప్పుడు రెండు వైపులా చూడండి. బీమా తీసుకునేటప్పుడు అత్తగారి మధుమేహాన్ని దాచకుండా రాయండి, అవసరమైతే మరో దేశపు ఆస్పత్రికి తరలించే ఖర్చు అందులో ఉందో లేదో చూసుకోండి.

తిరిగి వచ్చాక ఆరోగ్యంగా ఉంటే మీకు పరీక్షలేవీ అక్కరలేదు. రెండు సందర్భాల్లో మాత్రం చేయించుకోవాలి. ఆఫ్రికాలోని విక్టోరియా, మలావి వంటి సరస్సుల్లోనో, అటువంటి మంచినీటి చెరువులు, నదుల్లోనో దిగి ఉంటే, చర్మం గుండా లోపలికి వెళ్లే షిస్టోసోమా పురుగు కోసం 6 నుంచి 8 వారాల తర్వాత రక్తపరీక్ష చేయించండి. అంతకుముందు చేయిస్తే తేలకపోవచ్చు. విరేచనాలు 2 వారాలు దాటినా తగ్గకపోతే జియార్డియా కోసం మలపరీక్ష కావాలి.

జ్వరం వస్తే లెక్క పూర్తిగా మారిపోతుంది. మలేరియా ఉన్న ప్రాంతానికి వెళ్లిన 7 రోజుల తర్వాత ఎప్పుడు జ్వరం వచ్చినా, తిరిగి వచ్చి 3 నెలలైనా, మాత్రలన్నీ క్రమం తప్పకుండా వేసుకున్నా, అది మలేరియా కాదని తేలేవరకు మలేరియాయే అనుకుని అదే రోజు రక్తపరీక్ష చేయించాలి. వైవాక్స్ అనే మలేరియా రకం కాలేయంలో దాక్కుని ఏడాది తర్వాత కూడా బయటపడవచ్చు. జలుబుతో కలిసి ఉన్నా, జ్వరం వచ్చి పోతున్నా ఆగవద్దు. ఆ డాక్టరు అడగకపోయినా, ఏ దేశాల్లో ఏ తేదీల్లో ఉన్నారో మీరే మొదటి మాటగా చెప్పండి. డెంగీ అయితే కుట్టిన 2 వారాల లోపే బయటపడుతుంది, టైఫాయిడ్ నెల వరకు, హెపటైటిస్-ఎ 50 రోజుల వరకు పట్టవచ్చు. మీరు చెప్పే తేదీలను బట్టే వైద్యుడు వీటిలో కొన్నిటిని పక్కన పెట్టగలుగుతాడు. డెంగీ కాదని తేలేవరకు జ్వరానికి పారసెటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ వేసుకోకండి, అవి రక్తస్రావాన్ని పెంచుతాయి. మలేరియా మొదటి పరీక్షలో ఏమీ కనబడకపోయినా జ్వరం కొనసాగుతుంటే 12 నుంచి 24 గంటల ఎడంతో మరో రెండుసార్లు పరీక్షించమని అడగండి.